నూటికి 39

నూటికి 39 ఓట్లొస్తె 11 సీట్లేంది తాతా, ఇదేం లెక్క అని గట్టిగనే అడుగుతున్నవు పెద్దోడా. ఆ తుమ్మమొద్దు జెర లోపటికి నూకు, పొగ పెడుతున్నది. నూకినవా? ఇగ చెప్త ఇను.

నువ్వనేది 2024 ఆంధ్ర ఎలచ్చన్ల సంగతి. వైఎస్సార్ కాంగ్రెసుకు నూటికి 39 పైన చిల్లర ఓట్లు పడ్డయి, 175ల 11 సీట్లే దక్కినయి. అంతకు అయిదేండ్ల ముందు, 2019ల, తెలుగుదేశానికి పడ్డయి గూడ 39 పైన చిల్లరనే. అప్పుడు వాళ్లకొచ్చినయి 23. ఇగ మన దిక్కు రా. 2023ల తెలంగాణల కాంగ్రెసుకు ఎన్ని పడ్డయనుకున్నవు? అదే 39. 119ల 64 సీట్లొచ్చి సర్కారే ఏర్పడ్డది. రెండో జాగల ఉన్న బీఆర్ఎస్‌కు, వాళ్లకు నడుమ తేడా నూటికి రెండు ఓట్లు. సీట్ల కాడికొచ్చేవరకు తేడా 25.

మీ నాయిన పొత్తులంటడు, గాలంటడు. అయ్యన్నీ ఉన్నయి, కాదన. గని కీలకమంత లెక్కపెట్టే పద్ధతిల ఉన్నది. ఒక్కొక్క నియోజకవర్గంల అందరికంటె ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్నోడు గెలిచినట్టు, కడమోళ్లకు ఏసిన ఓట్లన్నీ కాయితం మీదనే ఉండిపోయినట్టు. రాష్ట్రమంత సమానంగ ఓట్లుండి ప్రతి జాగల రెండో నంబరొచ్చే పార్టీకి చేతిల ఏం పడది. ఓట్ల వాటా చూసి పంచితె 175ల 39కి 68 సీట్లు రావాలె. 11 ఏడ, 68 ఏడ?

ఇంకో 39 ఉన్నది. అది మీ నాయిన గూడ ఎరుగడు. 1955ల ఆంధ్ర రాష్ట్రంల, ఇంక మనం వాళ్లతోని కలువక ముందు, మధ్యంతర ఎలచ్చన్లొచ్చినయి. మా మేనత్తను ఇచ్చింది బెజవాడ దిక్కు. మా మామ కమ్యూనిస్టుల మనిషి. 1952ల మద్రాసు అసెంబ్లీకి ఆంధ్ర జిల్లాలల్ల 140 సీట్లుంటె కమ్యూనిస్టులు 41 గెలిచి కూసున్నరు. ఈసారి సర్కారు మాదే అని ఊరూర ఎర్రజెండాలు కట్టిండ్రట. అవతల కాంగ్రెసు, రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒక్కటై నిలబడ్డయి. అంతకుముందు ముగ్గురు నలుగురు కొట్లాడుకున్న కాడ ఈసారి చానా జాగలల్ల ముఖాముఖీ అయింది. లెక్క తేలేవరకు మొత్తం 196 సీట్లల్ల ఆ మూడు పార్టీల కూటమికి 146. అండ్ల కాంగ్రెసుకే 119. మరి కాంగ్రెసుకు పడ్డ ఓట్లెన్ని? నూటికి 39 చిల్లర!

కమ్యూనిస్టుల సంగతి ఇను. వాళ్లకు ఓట్లు తగ్గలే, పెరిగినయి. నూటికి 31 పడ్డయి. సీట్లు మాత్రం 41 నుంచి 15కు దిగినయి. మామ తర్వాత మా ఇంటికొచ్చినప్పుడల్ల మా నాయినతోని ఇదే పంచాది. "బావా, ఓట్లు పెరిగి సీట్లు తగ్గుడేంది" అనేటోడు. మా నాయిన నవ్వి, "1952ల మీరు గెలిచినప్పుడు ఈ లెక్క యాదికి రాలే గదా" అనేటోడు. ఈ మాట మతిల ఉంచుకో, మల్ల దీని కాడికే వస్త.

1952 అంటున్న గదా, అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. అప్పుడు మనది హైదరాబాదు రాష్ట్రం. నైజాం పోయి మూడేండ్లు దాటింది, ఊర్లల్ల మిలిట్రీ భయం ఇంక పూర్తిగ పోలే. బడిల ఓట్లు పెట్టిండ్రు. నాయిన నన్ను బుజం మీద ఎక్కించుకొని పోయిండు. మిషన్లు ఎక్కడియి, ముద్ర కొట్టుడు గూడ లేదు. తెర అవతల ఇనుప డబ్బలు వరుసగ పెట్టి, ఒక్కొక్క డబ్బ మీద ఒక్కొక్కరి గుర్తు అతికిచ్చిండ్రు. మనిషికొక డబ్బ. చీటీ రూపాయి నోటంత ఉండె. నచ్చినోని డబ్బల ఏసి రావాలె, అంతే. మన హైదరాబాదు ఆల్విన్ కంపెనీ గూడ ఆ డబ్బలు చేసింది. మా ఇంటి ఎనక ముసలవ్వ ఒకామె డబ్బకు దండం పెట్టి, కొంగుల ముడేసుకొచ్చిన బంతిపువ్వు గూడ చీటీతోని లోపటికి నూకుతుంటె ఆఫీసరు తెర బయటికెల్లి "ఏం జేస్తున్నవమ్మా" అని ఒకటే మొత్తుకునుడు. దేశంల చానా జాగలల్ల డబ్బలు తెరిస్తె పూలు, పైసలు, దేవునికి రాసినట్టు చీటీలు గూడ ఎల్లినయట.

నాయిన చేతిల మాత్రం పార్లమెంటుకే రెండు చీటీలుండె. ఒక్కనికి రెండు ఓట్లేంది అని ఆ వయసుల నాకు సమజ్ కాలే. సంగతేందంటే నల్లగొండ అప్పుడు ఇద్దరు మెంబర్ల సీటు. ఒక జనరల్ మెంబరు, ఒక ఎస్సీ మెంబరు, ఇద్దరూ ఒక్క నియోజకవర్గంల నుంచే. ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒక్కనికే ఏస్తె ఒక్కటే చెల్లుతది. దేశం మొత్తంల అసొంటి పార్లమెంటు సీట్లు 86. జనరల్ మెంబరుగ గెలిచిన రావి నారాయణరెడ్డికి ఇక్కడ 3 లక్షల 9 వేల పైన పడ్డయి. నెహ్రూకు పడ్డ 2 లక్షల 33 వేల కంటె అవి ఎక్కువ అని నల్లగొండోళ్లు ఇప్పటికీ మీసం మెలేస్తరు. ఆయనతోని గెలిచిన రెండో మెంబరు పేరు అడుగు, ఒక్కడు చెప్పడు. సుకం అచ్చాలు. ఆయనా రావి నారాయణరెడ్డి పార్టీ అయిన పీడీఎఫ్ మనిషే, ఆయనా అదే పార్లమెంటుల కూసున్నడు. యాదిల మాత్రం జనరల్ సీటు మనిషే మిగిలిండు. జంట సీట్ల పద్ధతిల పెద్ద లోపం అది, రెండోళ్లు నీడల ఉండిపోయిండ్రు.

ఆ పద్ధతి ఎట్ల పోయిందో చెప్త. బడి పంతులుగ ఉన్నప్పుడు పిల్లలకు చెప్తే నోరు తెరుసుకొని ఇనేటోళ్లు.

1957ల పార్వతీపురం సీటు. అదీ జంటదే, ఒకటి గిరిజనులకు, ఒకటి జనరల్. జనరల్ దిక్కు నిలబడ్డది వి.వి.గిరి. బరంపురం ఆయన, కేంద్రంల కార్మిక మంత్రి చేసినోడు. ఓట్లు లెక్కపెడితె అందరికంటె ఎక్కువ బిడ్డిక సత్యనారాయణకు ఒచ్చినయి. ఆయన గిరిజనుడు, రిజర్వు సీటు ఆయనకు పోయింది. ఇగ మిగిలినోళ్లల్ల ఎవలకు ఎక్కువొస్తె వాళ్లకు జనరల్ సీటు. గిరి కంటె డిప్పల సూరిదొరకు ఎక్కువొచ్చినయి, ఆరు వందలకు లోపు తేడాతోని. సూరిదొర గూడ గిరిజనుడే! రెండు సీట్లూ గిరిజనులకే పోయినయి.

గిరి కోర్టుకెక్కిండు. గిరిజన అభ్యర్థిగ నిలబడ్డ మనిషికి జనరల్ సీటు ఎట్లిస్తరని వాదన. సుప్రీంకోర్టు దాక పోయింది. 1959ల కోర్టు ఏం చెప్పిందంటే, జనరల్ సీటంటే అందరిది, గిరిజనుడైనా దళితుడైనా ఎక్కువ ఓట్లు తెచ్చుకుంటె ఆ సీటు వాళ్లదే. సక్కని మాట. మల్ల ఏమైంది? రెండేండ్లు తిరగక ముందే, 1961ల, జంట సీట్లు తీసేస్తూ చట్టం చేసిండ్రు. 1962 నుంచి ఒక సీటుకు ఒక మెంబరే. నియోజకవర్గాలు మరీ పెద్దగున్నయి, తిరుగుడు కష్టమైతున్నది అని చెప్పిండ్రు. అదీ నిజమే కావచ్చు. నేను మాత్రం పార్వతీపురం దెబ్బ పెద్దోళ్లకు గట్టిగ తగిలిందనే అనుకుంట. చిన్నోడు ఓడితె పద్ధతి మంచిదే, పెద్దోడు ఓడితె పద్ధతి మార్చాలె.

గిరి కథ అక్కడ ఆగలే. పన్నెండేండ్ల తర్వాత, 1969ల, రాష్ట్రపతికి పోటీ చేసిండు. ఎదురుంగ నీలం సంజీవరెడ్డి, కాంగ్రెసు పార్టీ అధికారికంగ పెట్టిన మనిషి. ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం అన్నది అప్పుడే. మూడో మనిషి దేశ్‌ముఖ్. రాష్ట్రపతి ఎన్నికల గెలుపు లెక్క ఏరే. ఓటేసేటోళ్లు పేర్ల ముంగట 1, 2, 3 అని అంకెలు ఎయ్యాలె. మొదటి లెక్కల గిరికి 4 లక్షల 1 వెయ్యి పైన, సంజీవరెడ్డికి 3 లక్షల 13 వేల పైన. మన ఎమ్మెల్యే ఎలచ్చనైతె అక్కడనే డప్పులు కొట్టి గులాలు సల్లుకుందురు. గని సగం దాటలే గదా! వెనుకున్నోళ్లను ఒక్కొక్కరిని తీసేసి, వాళ్ల చీటీల మీద రెండో అంకె ఎవలకున్నదో చూసి వాళ్లకు కలుపుకుంట పోయిండ్రు. చివరికి గిరికి 4 లక్షల 20 వేలు, సంజీవరెడ్డికి 4 లక్షల 5 వేలు. మొదట 88 వేల తేడా ఉన్నది 15 వేలకు దిగింది. దేశంల అందరికంటె పెద్ద కుర్చీకి సగం దాటాలె అని పెట్టుకున్నోళ్లు, ఎమ్మెల్యేకు, ఎంపీకి ఆ రూలు ఎందుకు పెట్టుకోలే? నా బుర్రకు ఇది ఎప్పుడూ ఎక్కలే.

రాజ్యాంగం రాసేటప్పుడు ఈ మాట రాలేదా అంటే ఒచ్చింది. 1949 జనవరిల కాజీ సయ్యద్ కరీముద్దీన్ అనే మెంబరు, ఓట్ల వాటా ప్రకారం సీట్లు రావాలె, లేకుంటె తక్కువ సంఖ్యల ఉన్నోళ్లకు జాగ దొరకది అని సవరణ పెట్టిండు. అంబేద్కర్ ఒప్పుకోలే. ఆ పద్ధతికి సదువు రావాలె, మన జనానికి అక్షరాలు, అంకెలు రావు, పైంగ సభ ముక్కలు ముక్కలైతె సర్కారు నిలబడది అన్నడు. ఆ కాలానికి ఆ మాటను కొట్టెయ్యలేం. ఒక చిత్రం ఉన్నది గని. ఆ రాజ్యాంగ సభ మెంబర్లను ఎన్నుకున్నదే ఆ వాటా పద్ధతితోని, ఆ 1, 2, 3 అంకెలతోని. అంబేద్కర్ గూడ మొదట బెంగాల్ నుంచి అట్లనే ఒచ్చిండు.

సదువు సంగతి ఎత్తినం గన్క చెప్త. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక తెలుసు గదా, మీ నాయిన వంగపండు రంగు స్కెచ్ పెన్నుతోని అంకె ఏసొచ్చి యాడాదంత చెప్పుకున్నడు. 2021ల మన నల్లగొండ, ఖమ్మం, వరంగల్ సీటుకు 71 మంది నిలబడ్డరు. చీటీ కాదది, దినపత్రిక. ఒక్కొక్కరిని తీసేసుకుంట, రెండో అంకెలు కలుపుకుంట రాత్రీ పగలూ లెక్కపెడితె నాలుగు రోజులైంది. చెల్లని ఓట్లు వేలల్ల ఎల్లినయి. ఒకలు టిక్కు పెట్టిండ్రు, ఒకలు సంతకం చేసిండ్రు, ఒకలు పేరు రాసిండ్రు. అంతా డిగ్రీ సదివినోళ్లే! 1952ల ఏలిముద్ర పెట్టే ముసలవ్వ తన డబ్బ తాను ఎతుక్కొని ఏసొచ్చింది.

ఇంకొకటి నేను కండ్లార చూసిన. 1996 పార్లమెంటు ఎలచ్చన్లు, నల్లగొండ సీటు. ఫ్లోరైడు నీళ్లు తాగి పండ్లు గారపట్టి, కాళ్లు వంకరపోయిన ఊర్లు మన జిల్లాల ఎన్నో మీకు తెలుసు. ఎంత మందికి ఓటేసినా నీళ్లు రాలే. ఇగ ఓటుతోని కాకుంటె నామినేషన్‌తోని కొట్లాడుదమని బాధితులే వందల మంది నిలబడ్డరు. బరిల మిగిలినోళ్లు 480 మంది. అప్పుడు డిపాజిట్టు అయిదు వందలే. పోలింగు వాయిదా ఏసి, బ్యాలెట్టు పేపరును పుస్తకం కుట్టినట్టు కుట్టించిండ్రు. నాకు పోలింగు డ్యూటీ పడ్డది. ముసలోళ్లు పుస్తకం తిప్పుకుంట, ఏలు తడిచేసుకుంట, తమ గుర్తు ఏ పేజీల ఉన్నదో ఎతుక్కొనేటోళ్లు. ఒకాయన పుస్తకం పట్టుకొని బయటికొచ్చి "సారూ, ఇండ్ల నా పేరు గూడ ఉన్నది, జెర చూపియ్యి" అన్నడు. ఆయన గూడ నిలబడ్డడు, నీళ్ల కోసమే. గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం. దేశమంత మన ఫ్లోరైడు గురించి మాట్లాడిండ్రు, అది నిజం. పార్లమెంటు ఏం జేసింది? అంత మంది ఎందుకు నిలబడ్డరో కనుక్కునుడు దాని పని కాకపాయె. డిపాజిట్టు మాత్రం పది వేలు అయింది.

మరి ఏం జెయ్యాలె తాతా అంటవు. న్యూజిలాండోళ్లు మారిండ్రు. అక్కడ 1978ల, 1981ల రెండుసార్లు లేబర్ పార్టీకి ఎక్కువ ఓట్లొచ్చి, నేషనల్ పార్టీకి ఎక్కువ సీట్లొచ్చినయి. జనానికి మండింది. 1993ల పద్ధతి మీదనే ఓటు పెట్టి మార్చుకున్నరు, 1996 నుంచి రెండు ఓట్లు. ఒకటి తమ ఊరి మెంబరుకు, ఇంకొకటి పార్టీకి. సీట్లు మొత్తం మీద పార్టీ ఓటు వాటాకు తగ్గట్టు సర్దుతరు. జర్మనీది గూడ కొంచెం ఇదే తీరు. అంత దూరం వద్దు, పక్కనున్న నేపాల్ చూడు. దిగువ సభల 275 సీట్లుంటె 165 మన తీరుగ, 110 పార్టీ ఓట్ల వాటాతోని. మన లా కమిషన్ గూడ 1999ల, జస్టిస్ జీవన్‌రెడ్డి, మన తెలుగాయనే, అధ్యక్షుడుగ ఉన్నప్పుడు, ఉన్న సీట్లకు తోడు ఇంకో నాలుగో వంతు కలిపి వాటా ప్రకారం నింపండ్రి అని రాసిచ్చింది. లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ గూడ ఏండ్లకేండ్లు ఇదే చెప్పిండు. ఎవలిన్నరు?

నాకు ఈ కలిపిన పద్ధతి మీద మనసున్నది. ఎందుకో చెప్త. మన ఊర్ల చాకలోళ్లవి, మంగలోళ్లవి, వడ్లోళ్లవి ఇండ్లు ఎన్ని? ఊరికి పదో పదిహేనో. ప్రతి ఊర్ల ఉన్నరు, ఏ ఒక్క నియోజకవర్గంల గూడ ఎక్కువ లేరు. ఇప్పటి లెక్కల వాళ్లకు సీటు ఎన్నడు రావాలె? రాష్ట్రమంత కలిపితె వాళ్లు లక్షలల్ల ఉన్నరు. ఆడోళ్ల సంగతీ అంతే. నేపాల్ల మూడో వంతు ఆడోళ్లుండాలె అన్న రూలు ఆ పార్టీ జాబితాలతోనే నడుస్తున్నది. ఊర్ల మన మనిషి అని అడిగే ఎమ్మెల్యే గూడ ఉండాలె. రోడ్డు పాడైతె, పింఛను రాకపోతె పోయి నిలదీసే గల్మ ఒకటుండాలె గదా. అందుకే రెండూ.

చిన్నదానా, మధ్యల నవ్వకు, నాకూ తెలుసు. నేపాల్ల చానాసార్లు ఎవలికీ పూర్తి బలం రాక ప్రధానమంత్రులు వెంట వెంట మారిండ్రు. అయితె మనకాడ బలమొచ్చిన సర్కార్లల్ల ఎమ్మెల్యేలు కండువాలు మార్చలేదా? దానికంటె నాకున్న భయం ఏరే. ఆ జాబితా ఎవడు రాస్తడు? ఇప్పుడు టిక్కెట్టుకే ఎంత పలుకుతున్నదో మీ నాయిన చెప్తడు. ఊర్ల మొకం చూపియ్యకుండ, ఓటు అడగకుండ సభలకు పోయే జాగ అంటే హైదరాబాదుల పార్టీ ఆఫీసు ముంగట కార్లు ఆగవు. చాకలాయన పేరు జాబితాల ఉంటది, నూటపదో నంబరు కాడ ఉంటది.

మా మామ మాట మతిల ఉంచుకొమ్మన్న గదా. ఈ పద్ధతి ఇంత కాలం మారకపోవడానికి కారణం అండ్లనే ఉన్నది. గెలిచినోనికి ఈ లెక్క తియ్యగుంటది, ఎందుకు మారుస్తడు? ఓడినోడు అరవాలె. వాడూ అరవడు. వచ్చేసారి 39తోనే నాకు 150 రావొచ్చు గదా అని సప్పుడు చెయ్యకుండ కూసుంటడు. 2019ల ఏడ్చినోళ్లు 2024ల ఏడ్చిండ్రా? 2024ల ఏడుస్తున్నోళ్లు 2019ల ఒక్క మాటన్నరా? 1955 నుంచి ఇదే పాట. 1961ల జంట సీట్లు ఇట్ల పోయినయంటే రెండు దిక్కుల పెద్దోళ్లకూ భయమైంది గన్క. ఇప్పుడు భయపడేటోడు ఎవడు?

జాబితా సంగతికి నాకు తోచిన మందు ఒకటున్నది. పేర్లు పార్టీ రాయని, వరుస మాత్రం ఓటరు ఎయ్యాలె. ఎమ్మెల్సీ ఓటు తీరుగ 1, 2, 3 అని మనమే అంకెలు పెడితె, ఆఫీసుల సూట్‌కేసు ఇచ్చినోడు మొదటి నంబరు కాలేడు.

ఇగో, మీ నాయినమ్మ చాయ తెచ్చుకుంట ఇంటున్నది. ఏందే, ఏమంటవు?

"ఏమంట? డిగ్రీలు సదివినోళ్లకే అంకెలు ఎయ్యస్తలేదని నువ్వే చెప్పి, మల్ల అందరితోని అంకెలు ఏపిస్తనంటున్నవు."

మరి నేర్పాలె గదా.

"వాళ్లకు నేర్పుడు నీ తోని కాదు. మా పొదుపు సంఘంకు పంపు. నెల నెల పది మంది పైసలు, మిత్తి, బాకీ అన్నీ రాస్తున్న. నాకు పదో తరగతి గూడ లేదు. చాయ సల్లారుతున్నది, పట్టుండ్రి."